నేనుండంగానే కొట్లాడుకోండి

మా అత్త పోయింది. తోటల్లో మామిడికాయకు టెంక కట్టే రోజులు. పొద్దున నేనిచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "చక్కెర ఎక్కువేసినావు" అని, గోడకు ఆనుకొని కళ్ళు మూసుకుంది. కునుకు తీస్తోందేమో అనుకొని నేను వాకిలి ఊడ్చడానికి పోయాను. తిరిగి వచ్చి పిలిస్తే పలకలేదు. నా మీద ఆమె మోపిన ఆఖరి నేరం ఆ చక్కెరే.

అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందని సామెత. నాకంత సమయం పట్టలేదు. హోసూరు నుంచి మా బావ, అంటే ఆమె పెద్దకొడుకు, అత్తిముగం నుంచి మా వదిన, అంటే ఆమె కూతురు, వచ్చేలోపలే నా కళ్ళు వాచిపోయాయి. అయినా ఉన్నమాట చెప్పాలి. ఆ ఏడుపు అడుగున నాకు నిశ్చింతగా ఉండింది. ఆమె పోయినందుకు కాదు, పోయేముందు మేం కొట్లాడుకోవలసిన కొట్లాటలన్నీ తన ఎదుటే పూర్తి చేయించి పోయినందుకు.

పలకరించడానికి వచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఒకామె నా చేయి పట్టుకొని, చూపు మాత్రం ఇంటి కప్పు మీద నిలిపి, "ఇంక నీ గతేందమ్మా? ఈ ఇల్లు ఎవురికంట?" అని అడిగింది. శవం ఇంకా లేవలేదు. "నాకే" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు, కొన్నేళ్ళ కిందట అయితే నేనూ నమ్మేదాన్ని కాదు.

మాది కృష్ణగిరి వైపు వేప్పనపల్లి దగ్గర పల్లె, ఇళ్ళల్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం. రోడ్డు పక్కన ముందు తోట, దాన్ని దాటి లోపలికి వస్తే మా ఇల్లు, ఇంటి వెనక, వాన నీళ్ళు పారే వంక పక్కన, ఇంకో తోట. ముందు తోటను మా మామ బతికున్నప్పుడే బావకు రాసిచ్చాడు. ఇల్లూ వెనక తోటా అత్త పేరున పెట్టాడు. నా భర్త ఆమె చిన్నకొడుకు. మాకు పిల్లలు లేరు. ఆయన జబ్బుచేసి పోయాక పుట్టింటివాళ్ళు రమ్మన్నారు. అత్త పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే "ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోసినావు" అని అరిచింది. అందుకని ఉండిపోయాను.

ఒకసారి కృష్ణగిరి సంతకు పోయి వస్తూ బస్సులో ఎవరో ఆమెకు చెప్పారట, పిల్లల్లేని కోడలికి అత్త ఆస్తిలో ఏమీ రాదని. ఇంటికి వచ్చి సంచీ కూడా దించకుండా "రేపు లాయరు దగ్గరికి పోదాం" అంది. పోయాం. తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడే లాయరు. ఓపికగా చెప్పాడు.

"ఆస్తి నీ పేరున ఉండాదమ్మా. నువ్వు ఏమీ రాయకుండా పోతే కొడుక్కి, కూతురికి పోతాది. ముందే పోయిన కొడుక్కి పిల్లలుంటే వాళ్ళకీ భాగం వస్తాది. పిల్లల్లేని కోడలికి చట్టంలో భాగం లేదు."

"నాకంటే వెనక నా కొడుకు పోయింటే?"

"అప్పుడైతే నీ తరువాత అతనికి వచ్చేది, అతని తరువాత ఈమెకు వచ్చేది."

అత్త కొంగు నడుముకు బిగించింది. "అంటే వాడు తొందరపడి ముందు పోయినందుకు ఇది వీధిలో పడాలనా? ఏం చట్టమప్పా మీది!"

"నేను రాయలేదు తల్లీ" అన్నాడాయన. వీలునామా రాయమని సలహా కూడా ఇచ్చాడు. అత్త ఆలోచిస్తానని చెప్పి లేచింది.  తిరుగు బస్సులో ఊరు దగ్గర పడుతుండగా నా వైపు తిరిగింది.

"నేనొక్కదాన్నే పోయి గమ్మున రాసేసినాననుకో. నేను పోయినాక వాళ్ళేమంటారు? ముసల్దానికి మతి లేనప్పుడు కోడలు యాలిముద్ర యేయించుకునింది అంటారు. కోర్టుకు పోతారు. నువ్వా ఆ మెట్లెక్కి దిగలేవు. వీలునామా అంటే నేను పోయినాక మాట్లాడే కాయితం. మాట్లాడేదేదో నేనే మాట్లాడతాను."

ఆ ఏడాది తోట కాయ కోసి వ్యాపారి బండ్లు పోయిన మరుసటి ఆదివారం, బావనూ వదిననూ పిలిపించింది. పిలిచేటప్పుడే కారణం చెప్పింది. "వచ్చి కొట్లాడుకోండి. నేనుండంగానే కొట్లాడుకోండి. నేను కండ్లు మూసినాక అయితే కోర్టులో కొట్లాడాల. ఆడ వాయిదా ఇస్తారు. ఈడైతే సంగటి పెడతాను."

మొదట అందరూ నవ్వారు. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు కదా, ఈమె గుట్టునంతా వాకిట్లో కుమ్మరించమంటోంది. కానీ ఆమె నిజంగానే నాటుకోడి కోయించింది, నిజంగానే నులకమంచం మీద కాళ్ళు చాపుకొని కూర్చుని, "ఊఁ, మొదలుపెట్టండి" అంది.

ఆ మొదటి ఏడాది ఎవరూ కొట్లాడలేదు. అందరం మంచివాళ్ళమే అయిపోయాం. బావ "నీ ఇష్టంమా" అన్నాడు, వదిన "నాకేం వద్దుమా" అంది. అత్తకు ఒళ్ళు మండిపోయింది. "ఈడ మంచోళ్ళయ్యి, ఇంటికిపోయి మొగుడూ పెండ్లాలు గుసగుసలాడతారా? కడుపులో పెట్టుకోని పోవద్దు. కక్కేసి పోండి!" అని కాకుల్ని తోలే కట్టెతో మంచం కోడును కొట్టింది.

రెండో ఏడాది కాయ కోశాక మళ్ళీ పిలిపిస్తే కక్కారు. బావ చెడ్డవాడు కాదు. ఆయనకు ఉన్న భయమే ఆయన చెప్పాడు. "మరదలు చిన్న వయసుది. రేపు ఇంకో పెండ్లి చేసుకుంటే మా నాయన కట్టిన ఇల్లు ఎవురికో పోతాది." నేను అక్కడే ఉన్నాను. కూర గిన్నె చేతిలో పట్టుకొని నేలను చూస్తున్నాను. అత్త తొణకలేదు. "చేసుకుంటే చేసుకోనీ. నీ తమ్ముడు పోయినాక నాకు ఇంత అన్నం పెట్టింది ఎవురు? ఆ అన్నం యాడికి పోతాది?" అంది. మాట్లాడేటప్పుడు నా వైపు చూడలేదు. ఆ పూట కూరలో ఉప్పు తక్కువైందని మాత్రం తరువాత తిట్టింది.

వదిన ఊరుకోలేదు. ఏడ్చేసింది. "అన్నకు తోట. దానికి ఇల్లు. నాకేముంది? నీకు నీ అన్నలు చీర పెట్టినట్టు, నాకూ ఒక చీర పెట్టి పంపిస్తావా?"

 ఆ చీర సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా వైపు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆడబిడ్డల్ని రిజిస్టర్ ఆఫీసుకు పిలుస్తారు. పసుపూ కుంకుమా, పట్టుచీరా ఇచ్చి, హోటల్లో భోజనం పెట్టించి, తమకు భాగం వద్దని విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటారు. అత్తకూ అలాగే జరిగింది. తమిళంలో రాసిన పత్రం, ఆమెకు తెలుగే చదవడం రాదు. ఏం రాశారని అడిగితే, "అన్నీ మంచిగానే రాసినాం" అన్నారట. ఇంటికి వచ్చాక కానీ తెలియలేదు, తాను పుట్టిన భూమికి తాను పరాయిదైపోయిందని.

ఆ మామిడిపండు రంగు చీరను ఆమె ఒక్కసారీ కట్టలేదు. బీరువాలో దాచనూ లేదు. ఎండాకాలం వస్తే దాన్ని మంచం మీద పరిచి, దాని మీద ఒడియాలు పెట్టేది. పట్టుచీర మీద ఒడియాలు పెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అయ్యో అని తీయబోతే చేయి మీద ఒకటి వేసింది. "అది నా పొలం. మా అన్నోళ్ళు నాకిచ్చిన భాగం. దాంట్లో ఏదో ఒకటి పండించుకోవాల గదా? పో, కోళ్ళు పడకుండా చూడు." అప్పటినుంచి మా ఇంట్లో ఆ చీర పేరు పొలం. "పొలం ఎత్తినావా? వానొస్తా ఉంది" అంటే ఒడియాలు తీశావా అని అర్థం.

కూతురు ఆ చీర మాట ఎత్తేసరికి అత్త ముఖం మాడిపోయింది. కట్టె పక్కన పెట్టింది. వదిన దగ్గరికి పోయి కూర్చుని, "దొడ్డ మాట అన్నావు, పాపా. న్యాయమైన మాటే అన్నావు" అంది. ఆమె తన తప్పును అంత మెత్తగా ఒప్పుకోవడం నేను చూసింది అప్పుడే. వంక పక్కనున్న వెనక తోట వదినకు అని ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. బావ కాసేపు గొణిగాడు. అత్త వెంటనే సంగటి వడ్డించమంది. ఆమె లెక్క ఒకటుండేది, గొంతులు బాగా లేచినప్పుడే వడ్డించాలి. "నోట్లో ముద్ద పెట్టుకోని ఎవురూ అరవలేరు" అనేది. తినకుండా లేచి పోకూడదన్నది ఆ కొట్లాటలకు ఉన్న ఒకే ఒక్క నియమం.

ఆ తరువాత ఏడాది పత్రాలు రిజిస్టరు అయ్యాయి. వెనక తోట వదినకు. ఇల్లు నాకు, కానీ అత్త ఉన్నంతవరకు ఆమెదే అధికారం. లాయరు ఆమెను ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. "సెటిల్‌మెంట్ అంటే ఇచ్చేసినట్టే తల్లీ. వీలునామా మాదిరి మనసు మార్చుకోని తిరగరాసేది కాదు. రేపు ఈమె నీకు అన్నం పెట్టకపోతే ఏం చేస్తావు?"

"దీని వంట తప్పింది కదా అని సంతోషంగా నేనే సంగటి కెలుక్కుంటాను" అంది అత్త. మళ్ళీ తానే, "అయినా రాయప్పా, అన్నం పెట్టకపోతే ఇచ్చింది చెల్లదని. దానికి కొంచెం భయం ఉండాల" అని నా వైపు చూసి కన్ను గీటింది. ఆ షరతు నా పత్రంలో ఉంది. నేనది చదువుకొని ఇప్పుడు కూడా నవ్వుకుంటాను.

ఆ రోజు ఆమె చేసిన అసలు పని వేరు. పత్రాలను ముందు తెలుగులో మాటకు మాట చెప్పించుకుంది. "ఈసారి నాకు తెలియకుండా ఒక్క ముక్క కూడా ఉండగూడదు" అంది. తరువాత నా ఇంటి పత్రానికి సాక్షులుగా సంతకం పెట్టమని బయటివాళ్ళను కాదు, బావనూ వదిననూ పిలిచింది. రేపు కోర్టుకు పోగలిగింది వాళ్ళిద్దరే కదా. బావ పెన్ను పట్టుకొని కాసేపు ఆగాడు. "రెండేండ్లు కొట్లాడినాం గదరా, ఇంకా ఏమన్నా మిగిలి ఉంటే ఈడే చెప్పు" అంది అత్త. బావ నవ్వి సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక మాకందరికీ చెరుకురసం ఇప్పించింది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ అందరం కలిసి ఒక పొరపాటు చేశామని అప్పటికి తెలియలేదు. పత్రంలో నాలుగు దిక్కులా హద్దులు రాశారు, బావి రాశారు, కొబ్బరిచెట్లు కూడా రాశారు. దారి రాయలేదు. మా ఇంటికి దారి బావ తోటలోనుంచి. పత్రం రాసేటాయన "దారి ఎట్లమ్మా?" అని అడిగాడు కూడా. అత్తే నవ్వి కొట్టిపారేసింది. "కొడుకు తోటలో నడిచేదానికి కాయితమా?" మా వైపు అది అడగడమే తప్పు. సొంతవాళ్ళ దగ్గర దారికి పత్రం అడిగితే నువ్వు నాకు పరాయివాడివి అని మొహాన చెప్పినట్టు. అందుకే మాలో ఎవరమూ నోరెత్తలేదు.

హోసూరులో ఇల్లు కట్టుకోవాలని బావ ముందు తోట అమ్మకానికి పెట్టినప్పుడు తెలిసింది, ఆ రాయని దారి విలువ. లేఅవుట్ వేసేవాళ్ళు టేపులు పట్టుకొని వచ్చారు. మామిడిచెట్ల మధ్య సున్నపు గీతలు గీస్తున్నారు. ఒక గీత సరిగ్గా మా దారికి అడ్డంగా పోయింది. చుట్టూ కాంపౌండు గోడ వస్తుందని ఒకతను చెప్పాడు.  ఇల్లు నా పేరున ఉంది, అందులోకి పోయేదెట్లా?

నేను గబగబా పోయి అత్తకు చెప్పాను.  ఆమె నులకమంచం ఒక కొస నన్ను పట్టుకోమంది. ఇద్దరం మోసుకుంటూ పోయి ఆ సున్నపు గీత మీద వేశాం. ఆమె దాని మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. "కొలవండప్పా, కొలవండి. నన్ను కూడా కలిపి కొలవండి" అంది వాళ్ళతో. వాళ్ళు బావకు ఫోను చేశారు.

బావ కోపంగానే వచ్చాడు. అది కాయ కోసే కాలం కాదు, కోడీ లేదు, సంగటీ లేదు. కొట్లాట మాత్రం తోట మధ్యలో, మంచం చుట్టూ జరిగింది.

"నీకు నామింద నమ్మకం లేదామా? నేను మరదలికి దారి లేకుండా చేస్తానా?"

"నిన్ను నమ్ముతానురా. నీ దగ్గిర కొనేవాడు ఎవుడో నాకు తెలియదు గదా? వాడి దగ్గిర కొనేవాడు ఎవుడో నీకు తెలుసునా? ఆపొద్దు నేనే తప్పు చేసినాను. కొడుకు తోట అనుకున్నానే గాని, తోట ఎప్పుడూ కొడుకుదే అయి ఉండదని అనుకోలేదు."

"దారి వదిలితే వాళ్ళు రేటు తగ్గిస్తారుమా."

అత్త అప్పుడు గొంతు పెంచలేదు. ఇంటి వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూసింది. "సరే రా. గోడ కట్టనీ. రేపు నేను పోయినప్పుడు నన్ను యాడనుంచి ఎత్తుకోని పోతారు? గోడమింద నుంచి అందించుకుంటారా? నువ్వు ఈ పక్కన ఎత్తు, ఆ పక్క నిలబడి పట్టుకునేదానికి ఎవురినన్నా చూసుకో."

టేపు పట్టుకున్న మనుషులకు నవ్వు ఆగలేదు. బావ కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగి ముఖం తిప్పుకున్నాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాక, ఆ కొలిచేవాళ్ళ చేతిలోంచి టేపు తానే తీసుకున్నాడు. "బండి పోయేంత వెడల్పు వదలండప్పా. ముందు ఆ దారి రిజిస్టరు చేసినాకే మీకు అమ్మేది" అన్నాడు. అలాగే చేశాడు. ఈసారి పత్రంలో దారి పొడవూ వెడల్పూ, రోడ్డు నుంచి ఇంటి గడప దాకా, వెనక తోటకూ అదే దారి అన్న మాటా, ఎవరు కొన్నా దాన్ని మూయకూడదన్న మాటా, అన్నీ రాయించారు. మంచం ఇంటికి తెస్తూ అత్త నాతో, "వాడు మంచోడే. మంచోళ్ళ దగ్గిరే ముందు రాయించుకోవాల. చెడ్డోడు రాసిస్తాడా?" అంది. ఆ రాత్రి నాకు చాలా రోజుల తరువాత కంటినిండా నిద్ర పట్టింది.

ఇప్పుడు ఆ దారికి రెండు వైపులా గోడలు లేచాయి. లోపల ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారు. మామిడిచెట్లు లేవు. నడిచేటప్పుడు నీడ లేదని అత్త బావను తిడుతూనే ఉండేది, అయినా పనున్నా లేకున్నా రోజుకోసారి రోడ్డుదాకా నడిచి వచ్చేది. ఎందుకని అడిగితే, "నడవకపోతే దారి అలుగుతాది" అనేది.

ఆమెను తీసుకుపోయింది ఆ దారిలోనే. పాడె ముందు కొస బావ భుజం మీద. గోడల మధ్య తప్పెట మోత మామూలుకంటే గట్టిగా వినిపించింది. రోడ్డు చేరేచోట బావ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి ఇంటి దాకా చూశాడు. నన్ను చూసి తలూపాడు. మా ఇద్దరికీ ఒకే మాట గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఆ క్షణంలో నా గుండెల మీదినుంచి బండ దిగినట్టయింది, అదే క్షణంలో ఆమె లేదన్నదీ తెలిసివచ్చింది.

కర్మలన్నీ అయిపోయాక వదిన ఊరికి బయల్దేరుతూ, "అమ్మ పొలం యాడుంది?" అని అడిగింది. అప్పుడు చూసుకున్నాం, అత్త పంచకుండా వదిలిన ఆస్తి అదొక్కటే. కూతురిగా అది తనకే రావాలంది వదిన. దాని మీద కోళ్ళను తోలింది నేను కాబట్టి నాకే రావాలన్నాను. బావ మధ్యలో దూరి, "ఆ ఒడియాలు ఎక్కువ తినింది నేను. నాకూ భాగముంది" అన్నాడు. గొంతులు లేచాయి. పక్క స్థలంలో పనిచేసే మేస్త్రీ గోడ మీదినుంచి తొంగి చూశాడు. నేను లోపలికి పోయి సంగటి తెచ్చి వడ్డించాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఎవరమూ అరవలేకపోయాం. ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వాం, ఆ వెంటనే వదిన ఏడ్చింది. చివరికి పొలం ఈ ఇంట్లోనే ఉండాలని, ఎండలు ముదిరినప్పుడు వదిన వచ్చి పోవాలని తీర్మానమైంది. దానికి పత్రం రాయించుకోలేదు.

ఈ రోజు వదిన వచ్చింది. పొద్దున్నే ఇద్దరం వాకిట్లో మంచం వేసి, చీర చెరో కొస పట్టుకొని పరిచాం. జరీ ఎప్పుడో నల్లబడింది, పిండి మరకలు పోవు. వదిన ఒడియాలు పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది. నేను కట్టె పట్టుకొని గడపలో కూర్చున్నాను. గోడల మధ్య దారి రోడ్డుదాకా తెరుచుకొని ఉంది, ఎండ పడి తెల్లగా. ఎవరిదో ఒక కోడి దాని మధ్యలో నడుస్తూ, తొందరేమీ లేకుండా, మా పొలం వైపే వస్తోంది.